పెద్ద ఆపరేషను: పూర్వాపరములు

ప్రసవము స్త్రీకి పునర్జన్మ మని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట ఊరక పుట్టినది కాదు. నిండు నెలలతో పుట్టింటికి వచ్చిన కూతురు బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి మరలువరకు తల్లిదండ్రులు ప్రాణములు గుప్పిట బెట్టుకొని యుండెడి కాలము మన యూళ్లకు చాల దూరపు కాలమేమియు కాదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో ఏ యింటనైనను మూడు తరముల యాడువారిని ఒకచోట కూర్చుండబెట్టి యడిగినచో మూడు విధములైన కాన్పుల కథలు వినవచ్చును. అవ్వ మంత్రసాని చేతిమీద నింటనే కన్నది. ఆమె కూతురు నర్సమ్మ సాయముతోనో, ప్రభుత్వ వైద్యశాలలోనో కన్నది. మనుమరాలు కడుపు కోయించుకొని కన్నది. ఈ మూడవ పద్ధతిని వైద్యులు సిజేరియను శస్త్రచికిత్స యందురు. మన జనులు పెద్ద ఆపరేషను అందురు.

ఈ శస్త్రము ఎట్లు పుట్టినది, ఎవరిని కాపాడినది, నేడు రోగము లేనిచోట గూడ ఎందులకు జరుగుచున్నది అనునది ఈ ప్రసంగ విషయము. కత్తి పట్టునది వైద్యుడే యైనను, కత్తి పట్టించునది ఎల్లప్పుడును రోగమే కాదు. దూరము, ధనము, గడియారము, పంచాంగము, భయము అను నైదును పురిటిగది గుమ్మము కడ నిలిచి ఆలోచన చెప్పుచుండును. ఒకనాడు ఇటువంటి కారణములే స్త్రీని వైద్యుని దరి జేరనీయక చంపినవి. నేడు ఇవియే ఆమెను అక్కరలేని కోతకు ఒప్పించుచున్నవి. ఈ రెండు దశలను వరుసగా చూచినగాని మనకు నేటి స్థితి బోధపడదు.

తల్లి కడుపు కోసి బిడ్డను తీయుట మిక్కిలి ప్రాచీనమైన యాలోచన. సుశ్రుతసంహిత నిదానస్థానమున మూఢగర్భమును గూర్చిన యధ్యాయము కలదు. నిండు గర్భిణి హఠాత్తుగా మరణించి, ఆమె కడుపులో బిడ్డ కదలుచున్నచో, వైద్యుడు తత్‌క్షణమే కడుపు కోసి బిడ్డను వెలికి దీయవలెనని అందు విధింపబడినది. జైనుల గ్రంథములలో చంద్రగుప్త మౌర్యుని కుమారుడగు బిందుసారుని పుట్టుక ఇట్టిదే. గర్భవతియగు రాణి విషము కలసిన యన్నము తిని మరణింపగా, చాణక్యుడు ఆమె గర్భమును చీల్చి శిశువును రక్షించెననియు, విషపు బిందువొకటి శిశువు తలకు సోకుటచే ఆ పేరు కలిగెననియు వారు చెప్పుదురు. రోమనుల దేశమున గూడ గర్భిణిగా మరణించిన స్త్రీని బిడ్డను తీయక పాతిపెట్టరాదని పూర్వకాలపు శాసన ముండెను. జూలియసు సీజరు ఇట్లు పుట్టుటచేతనే దీనికి సిజేరియను అని పేరు వచ్చెనని లోకమున వాడుక గలదు గాని, అది నమ్మదగినది కాదు. సీజరు పెద్దవాడై దండయాత్రలు చేయుచున్న నాటికి ఆయన తల్లి జీవించియే యుండెను. లాటిను భాషలో కోయుట యను నర్థము గల ధాతువునుండి ఈ పేరు వచ్చినదని చెప్పుట మేలు.

ఈ కథలన్నిటిలోను సామాన్య ధర్మ మొకటి కలదు. అన్నిచోట్లను కోత పడినది మరణించిన తల్లికే. బ్రదికియున్న తల్లిని కోసి, తల్లిని బిడ్డను గూడ నిలుపుట యనునది వేల యేండ్లు మనుష్యుని చేతికి చిక్కలేదు. నొప్పి తెలియకుండ జేయు మందు లేదు. కోసినచోట చీము పట్టకుండ జేయు ఉపాయము లేదు. గర్భసంచిని కుట్టవలెనను నెరుకయు లేదు.

ఈ మూడు అడ్డములును పందొమ్మిదవ శతాబ్దమున ఒకటి వెంట నొకటి తొలగెను. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు మత్తుతో శస్త్రచికిత్స జరిగెను. మరుసటి యేడు ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు ప్రసవవేదనకు క్లోరోఫారము నుపయోగించెను. 1867లో లిస్టరు కార్బాలికు ద్రవముతో గాయములను శుభ్రపరచు విధానమును ప్రకటించెను. 1876లో ఇటలీ దేశపు వైద్యుడు పొర్రో బిడ్డను దీసిన పిమ్మట గర్భసంచిని గూడ తొలగించి తల్లిని బ్రదికించెను. తల్లి బ్రదికెను గాని ఆమెకు మరల సంతాన యోగ్యత లేకపోయెను. 1882లో జర్మనీ దేశపు సేంగరు గర్భసంచిని లోపల కుట్టు పద్ధతిని స్థాపించి ఆ కొరతను దీర్చెను. 1888లో గ్లాస్గోలో కామెరాను అను వైద్యుడు, చిన్ననాట ఎముకల జబ్బుచే కటిభాగము వంకరవోయిన యొక పేదస్త్రీకి ఈ శస్త్రము చేసి తల్లిబిడ్డల నిద్దరిని కాపాడెను. ఆ నగరముననే కెర్ అను వైద్యుడు 1920 ప్రాంతములలో గర్భసంచి క్రిందిభాగమున అడ్డముగా కోయు పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. నేటికిని అనుసరింపబడుచున్నది ఆ పద్ధతియే. రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు రక్తమెక్కించుటయు, పెన్సిలినును తోడై, మృత్యుద్వారము వంటి శస్త్రము ప్రాణరక్షకమైనది.

బిడ్డ అడ్డముగా నుండుట, మాయ దారికి అడ్డుపడుట, బొడ్డుత్రాడు ముందుగా జారుట, తల్లికి రక్తపుపోటు హెచ్చి మూర్ఛలు వచ్చుట, ఎంతసేపు వేచినను కాన్పు సాగకపోవుట, బిడ్డ గుండె క్రుంగుట మున్నగు ఆపదలందు ఈ శస్త్రము వంటి మేలు వేరొకటి లేదు. దీనిని నిందించుటకు గాని, వలదనుటకు గాని నేనీ ప్రసంగము చేయుట లేదని మొదటనే మనవి చేయుచున్నాను.

ఇక మన దేశపు సంగతి. మదరాసులో ప్రసూతి వైద్యశాల 1844లోనే ఏర్పడెను. అదియే తరువాత ఎగ్మూరు వైద్యశాలగా ప్రసిద్ధి కెక్కినది. కాని వైద్యశాల యున్నంత మాత్రమున స్త్రీలు రాలేదు. పురుషుడు పురిటిగదిలో కాలిడరాదను నాచారము హిందువులలోను ముసల్మానులలోను సమానముగనే యుండెను. ఈ కష్టమును జూచి మేరీ షార్లీబు అను నాంగ్లవనిత 1875లో మదరాసు వైద్య కళాశాలలో చేరెను. ఆ కళాశాలలో ప్రవేశించిన మొదటి నలుగురు స్త్రీలలో ఆమె యొకతె. ఆమె కృషిచే 1885లో మదరాసున ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేక వైద్యశాల వెలసెను. ఆ యేడే డఫ్రిన్ దొరసాని పేర స్త్రీ వైద్యసహాయ నిధి దేశమంతటికి నేర్పడెను. మన తెలుగుదేశమున అన్నా కుగ్లరు అను వైద్యురాలు 1883లో గుంటూరు చేరి, 1898 నాటికి స్త్రీలకు శిశువులకు ఆసుపత్రి నెలకొల్పెను.

వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడరు జీవితమున నొక సంఘటన ఇచ్చట చెప్పదగినది. ఆమె వైద్యము చదువక మునుపు తిండివనమున తండ్రియింట నుండగా, ఒకే రాత్రి మువ్వురు పురుషులు వేర్వేరుగా వచ్చి, తమ భార్యలు కాన్పు కష్టమై యున్నారని మొరపెట్టుకొనిరి. ఆమె తండ్రి వైద్యుడే. ఆయన వచ్చెదనన్నను వారు సమ్మతింపలేదు. ఆడుమనిషి వచ్చిననే గాని పురిటింటికి రానీయమనిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఐడా అమెరికాకు వెళ్ళి వైద్యము నేర్చి 1900లో తిరిగి వచ్చెను. ఆ రాత్రి ఆ మువ్వురిని చంపినది వైద్యవిద్యలోని లోపము కాదు. వైద్యుడు ఆ యూరనే యుండెను. మధ్య నడ్డగించినది ఆచారము. రోగముతో సంబంధము లేని కారణము కాన్పును శాసించుట యనగా నిట్టిది.

నంద్యాల సీమలో ఆచారమునకు దూరము తోడయ్యెను. ఆళ్ళగడ్డనుండి నంద్యాల పాతిక మైళ్ళు. నంద్యాలనుండి కర్నూలు దానికి దాదాపు రెండింతలు. మనది నల్లరేగడి నేల. వానకాలమున బండిచక్రమునకు మన్ను పట్టిన నెద్దులు కదలవు. కుందూ నది పొంగిన నాడు ఒడ్డున కూర్చుండవలసినదే. నల్లమల పాదమున నున్న రుద్రవరము, అహోబిలము వంటి చోటులనుండి బిడ్డ అడ్డము తిరిగిన గర్భిణిని బండిమీద వేసికొని బయలుదేరిన వారి యవస్థ ఊహింపదగినదే గాని చెప్పదగినది కాదు. కర్నూలులో వైద్య కళాశాల ఏర్పడినది 1956లో. అంతకు పూర్వము ఈ ప్రాంతపు స్త్రీకి శస్త్రము దక్కుట భాగ్యవంతుల మాట.

అప్పుడు దిక్కైనది మంత్రసాని. మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలెనని మన సామెత. ఆమె విద్యలో లోపములు కలవు. శుభ్రత చాలక ధనుర్వాతముచే శిశువులు పోయినవి. రక్తస్రావ మాగక తల్లులును పోయిరి. దీనిని దాచి ఆమెను పొగడుట తగదు. ఐనను ఆమె కడ నొక గుణముండెను. అది ఓర్పు. రాత్రియెల్ల దీపము ముందు కూర్చుండి, నడుము నిమిరి, ధైర్యము చెప్పి, నొప్పులు తమంత దాము ముదురువరకు కాచుకొని యుండెడిది. మంత్రసాని పోయినప్పుడు ఆమె యజ్ఞానముతోపాటు ఆమె యోర్పును గూడ మనము పోగొట్టుకొంటిమి.

తరువాతి కాలమున స్థితి వేగముగా మారెను. జాతీయ కుటుంబారోగ్య సర్వే 1992–93లో మొదటిసారి జరిగినప్పుడు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మూడు కాన్పులలో సుమారొకటి మాత్రమే వైద్యశాలలో జరుగుచుండెను. 2005లో జననీ సురక్షా యోజన వచ్చెను. ఆ సంవత్సరముననే 108 వాహనములు తిరుగ నారంభించెను. 2011నుండి ప్రభుత్వ వైద్యశాలలలో కాన్పు, శస్త్రము, మందులు, భోజనము ఉచితముగా నీయవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. 2019–21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశమున నూటికి 96.5 కాన్పులు వైద్యశాలలలోనే జరుగుచుండెను. 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. మన అవ్వలు కలలోనైన చూడని సౌభాగ్య మిది.

ఐతే మరియొక లెక్కను గూడ ఈ లెక్క ప్రక్కన బెట్టి చూడవలెను. 1992–93లో ఉమ్మడి రాష్ట్రమున నూటికి నాలుగైదు కాన్పులు మాత్రమే శస్త్రముచే జరిగినవి. 1998–99లో అవి 14.7 ఆయెను. రాష్ట్రము విడిపోయిన పిమ్మట, 2015–16లో ఆంధ్రప్రదేశమున 40.1, 2019–21లో 42.4 ఆయెను. తెలంగాణమున 60.7. దేశమంతటికి సరాసరి 21.5 మాత్రమే. ఆ సర్వే నాటికి నంద్యాల జిల్లా పుట్టలేదు. అది 2022 ఏప్రిలులో ఏర్పడినది గనుక, నంద్యాల, ఆళ్ళగడ్డల తల్లులు అప్పుడు కర్నూలు జిల్లా లెక్కలో చేరిరి.

ముప్పది యేండ్లలో మన స్త్రీల దేహ నిర్మాణము మారునా? మారదు. మొదట శస్త్రము దక్కక మరణించెడివారికి అది దక్కుటచే కొంత పెరిగినది. అది న్యాయమైన పెరుగుదల. వయసు మీరిన కాన్పులు, మధుమేహము, రక్తపుపోటు హెచ్చుటచేతను కొంత పెరిగియుండును. మిగిలినదాని కారణము తెలియుటకు ఒక సూచన చాలును. 2019–21లో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ వైద్యశాలలలో నూటికి 26.6 కాన్పులు శస్త్రముచే జరుగగా, ప్రైవేటు వైద్యశాలలలో 63 జరిగినవి. కష్టమైన కేసులు తుదకు చేరునది పెద్ద ప్రభుత్వ వైద్యశాలలకే గదా. రోగమే నిర్ణయించు నెడల అచ్చటనే కోతలు హెచ్చుగా నుండవలెను. లెక్క తలక్రిందుగా నున్నది.

కోతలు పెరిగినకొలది ప్రాణములు దక్కుచున్నవా యని మరియొక ప్రశ్న. 2018–20 లెక్కల ప్రకారము లక్ష జననములకు మరణించు తల్లులు ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43, కేరళమున 19. కేరళమున శస్త్రములు నూటికి 38.9. మనకంటె తక్కువ కోతలతో మనకంటె ఎక్కువ తల్లులను వారు నిలుపుకొనుచున్నారు. కొంత మేరకు శస్త్రము ప్రాణదాత. ఆ మేర దాటినచో అది రక్షణను పెంచదు.

ఇక ఆ గుమ్మము కడ నిలుచు నైదుగురు మంత్రులను పరీక్షింతము.

మొదటిది గడియారము. తొలికాన్పున నొప్పులు బలపడిన పిమ్మట గూడ పండ్రెండు గంటల వరకు పట్టుట సహజమే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పినది. శస్త్రము గంటలో ముగియును. చిన్న పట్టణములలో మత్తుమందు డాక్టరు తరచుగా బయటినుండి రావలసినవాడు. పిలిచినప్పుడు అర్ధరాత్రి దొరకునో దొరకడో తెలియదు. రక్తము దూరమునుండి తేవలెను. ఒక్క వైద్యురాలే రాత్రింబవళ్ళు చూడవలసిన చోట, రేపు అపాయము వచ్చినచో మనుష్యులు దొరకరేమో, నేడు పగటివేళనే ముగింతమను నాలోచన కలుగుట సహజము. ఇందు దుర్బుద్ధి యేమియు లేకపోయినను, ఫలితము కోతయే.

రెండవది ధనము. పండ్రెండు గంటలు కాచుకొనుటకు వచ్చు ప్రతిఫలము తక్కువ. గంటపాటు చేయు శస్త్రమునకును, తరువాత పడకకును, మందులకును వచ్చునది యెక్కువ. ఓర్పునకు కూలి లేని చోట ఓర్పు నిలువదు. మన ఇండ్లలోను ధనపు ఆలోచన లేకపోలేదు. తొలికాన్పు పుట్టింటి వ్యయము. నలుగురిలో మాట పడరాదని కన్నవారు అప్పు చేసియైన పెద్ద ఆసుపత్రికి కొనిపోవుదురు. ఎక్కువ వ్యయమైనదే ఎక్కువ క్షేమకరమను భ్రమ ఇరువైపులవారికిని కలదు.

మూడవది పంచాంగము. మూల, ఆశ్లేష, జ్యేష్ఠలకు వెరచియు, అమావాస్యకు వెరచియు, మంచి లగ్నమును కోరియు, ముహూర్తము పెట్టించుకొని కోయించుకొను వాడుక తెలుగునాట ప్రబలినది. తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రియే 2022లో దీనిని గూర్చి ప్రజలకు విజ్ఞప్తి చేయవలసి వచ్చినది. పెద్దలారా, శాస్త్రము నెరిగిన మీరు ఒక్క మాట విచారింపుడు. గర్భాధానమునకు ముహూర్తము కలదు. సీమంతమునకు కలదు. నామకరణమునకు, అన్నప్రాశనమునకు కలదు. జాతకర్మ మాత్రము బిడ్డ పుట్టిన వెంటనే చేయవలసినది. ప్రసవమునకు ముహూర్తము పెట్టు సంస్కార మేదియు మనవారు విధింపలేదు. మనుష్యుడు చేయు పనికి ముహూర్తము. పుట్టుక బిడ్డ తెచ్చుకొను గడియ. జాతకము ఆ గడియను చదువును గాని, ఆ గడియను తయారుచేయదు. నెలలు నిండక మునుపే మంచి నక్షత్రమని తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు సరిగా పక్వము గాక శ్వాసబాధ కలుగుటయు, గాజుపెట్టెలో నుంచవలసి వచ్చుటయు కలదు. గ్రహబలము కోరి ప్రాణబలమును తగ్గించుట యెట్టి వివేకము?

పంచాంగము చూడని ముసల్మాను, క్రైస్తవ కుటుంబములు నంద్యాలలో అనేకములు కలవు. తక్కిన నలుగురు మంత్రులు వారి గుమ్మముల కడను నిలిచియే యున్నారు గనుక దీనిని ఒక మతపు దోషముగా నెంచరాదు.

నాలుగవది భయము. ఇది మూడు ముఖములు గలది. నొప్పిని గూర్చి పిల్లకు భయము. ఆమె యరపులు విని వాకిట నిలిచినవారికి భయము. ఏమైన జరిగినచో బంధువులు వచ్చి ఆసుపత్రి అద్దములు పగులగొట్టుదురని, వ్యాజ్యము వేయుదురని వైద్యునికి భయము. కోసి యపాయము వచ్చినచో చేయగలిగినదెల్ల చేసిరందురు. కోయక వచ్చినచో ఎందులకు కోయలేదందురు. ఇట్టి లోకమున వైద్యుడు ఏవైపు మొగ్గునో చెప్పనక్కరలేదు. నొప్పిని తగ్గించు వేరు ఉపాయములు మన చిన్న పట్టణములలో సామాన్యముగా లభింపకపోవుటచే, కోతయే నొప్పికి మందైనది.

ఐదవది దూరము. నాడు అది వైద్యుని చేరనీయలేదు. నేడు అది వేరు వేషమున వచ్చినది. ఊరికి దగ్గరనున్న చిన్న వైద్యశాలలో కాచుకొని, అవసరమైన పెద్ద వైద్యశాలకు పోవు మార్గము నమ్మకముగా లేనిచో, జనులు మొదటనే పట్టణమునకు పోవుదురు. పట్టణమున బసకు తావు లేక, పనులు మానుకొని రోజుల తరబడి యుండలేక, తేదీ నిర్ణయించి ముగించుమని వారే కోరుదురు.

ఈ యైదింటికి తోడు మొదటి కోత తానే రెండవ కోతకు కారణమగుచున్నది. 1916లో అమెరికా వైద్యుడు క్రేగిను, ఒకసారి సిజేరియను జరిగిన స్త్రీకి ఎల్లప్పుడును సిజేరియనే యగునని వ్రాసెను. మొదటి కోతకు తొందరపడకుడని హెచ్చరించుట ఆయన యుద్దేశము. లోకము హెచ్చరికను మరచి వాక్యమును శాసనముగా చేసికొన్నది. నిజమునకు అడ్డకోత పడిన స్త్రీలలో, తగిన పరీక్షతో, వెంటనే శస్త్రము చేయగల వైద్యశాలలో యత్నించినచో నూటికి అరువదినుండి ఎనుబదిమంది సహజముగా కనగలరు. ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి డెబ్బదిమంది వరకు కుటుంబ నియంత్రణ శస్త్రము చేయించుకొన్నవారే. కనుక రెండవ కాన్పున, ఒక్క కోతతో రెండు పనులును తీరునని ఇంటివారు లెక్క వేయుదురు. ఆ లెక్కలో తల్లి రక్తనష్టము, చీము, లోపలి యతుకులు చేరవు. మూడవ బిడ్డను కనవలసి వచ్చినచో మాయ పాతకోతకు అంటుకొని ప్రాణముమీదికి వచ్చుట అసలే చేరదు.

ఇంత చెప్పి, రెండవ ప్రక్కను చెప్పకున్న న్యాయము కాదు. 2019–21లో నాగాలాండున శస్త్రములు నూటికి 5.2. బీహారున 9.7. అచ్చట శస్త్రము దొరకక మరణించు తల్లులు నేటికిని కలరు. మన నల్లమలలోని చెంచుగూడెముల స్త్రీకి రాత్రివేళ బాట దాటి వచ్చుట నేటికిని సులభము కాదు. ఒక యింట అక్కరలేని కోత, మరియొక యింట అక్కరకు రాని కోత. రెండును ఒకే యన్యాయము యొక్క రెండు ముఖములు.

లోకమున దీనికి ప్రతిక్రియలు జరుగుచునే యున్నవి. నూటికి 10 నుండి 15కు మించి యే ప్రాంతమునను శస్త్రములకు సమర్థనము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1985లో బ్రెజిలులోని ఫోర్టలేజాలో సమావేశమై ప్రకటించిరి. 2015లో వారే ఆ మాటను సవరించి, అంకెను చేరుట ముఖ్యము కాదనియు, అవసరమైన ప్రతి స్త్రీకిని శస్త్రము లభింపజేయుటయే ముఖ్యమనియు చెప్పిరి. 2018లో మందులతో పనిలేని ఉపాయములను సూచించిరి. గర్భిణులకు ప్రసవమును గూర్చి ముందుగా బోధించుట, కోతకు ముందు రెండవ వైద్యుని యభిప్రాయము గైకొనుట, జరిగిన కోతలను వైద్యశాలలోనే విమర్శించుకొనుట, సహజప్రసవమునకును శస్త్రమునకును ప్రతిఫలము సమానము చేయుట అందు ముఖ్యములు. సగమునకు మించి కోతలు జరుగు బ్రెజిలు దేశమున, ఏ వైద్యుడు ఎన్ని కోతలు చేయుచున్నాడో అడిగిన గర్భిణికి తెలుపవలెనని 2015లో నియమము చేసిరి. తెలంగాణమున 2017లో కరీంనగరమున నర్సులకు ఒకటిన్నర సంవత్సరము ప్రసూతివిద్య నేర్పు ప్రయత్నము మొదలయ్యెను. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి అట్టి మార్గదర్శకములను ప్రకటించెను. పాత మంత్రసాని యోర్పును నూతన శాస్త్రజ్ఞానముతో జోడించుటయే వీని సారాంశము.

ప్రభుత్వములు చేయునవి అవి. ఇంటి పెద్దలు చేయదగినవి వేరు. ఎనిమిదవ నెలకు ముందే ఏ వైద్యశాలకు పోవలెనో, వెంట నెవరుండవలెనో నిర్ణయించుకొనుడు. ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణికి తోడుగా నొక స్త్రీ పురిటిగదిలో నుండుటకు 2016నుండి అనుమతి కలదు. బిడ్డలను కన్న, ధైర్యముగల బంధువును పంపుడు. కోత యని వైద్యుడు చెప్పినప్పుడు మర్యాదగా మూడు ప్రశ్న లడుగుడు. కారణమేమి? కొంత వేచినచో తల్లికిగాని బిడ్డకుగాని యపాయమేమి? మరియొక వైద్యుని యభిప్రాయమునకు వ్యవధి కలదా? వ్యవధి లేదని చెప్పినచో నిమిషమైనను ఆలస్యము చేయకుడు. అప్పుడు సందేహించుట ప్రాణాంతకము. కోత జరిగినచో, ఎందులకు జరిగినది, గర్భసంచిపై నెట్టి కోత పడినది వ్రాసి యిచ్చిన కాగితమును భూమి పట్టావలె భద్రపరచుడు. రెండవ కాన్పున దానికంటె విలువైన దస్తావేజు ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. కాన్పును గూర్చి మామ, తండ్రి, భర్త, వైద్యుడు, జ్యోతిష్కుడు, అందరును మాటలాడుదురు. కడుపు ఎవరిదో ఆమెను ఒక్కమాట యడుగువారు అరుదు. ఆమె కేమి చెప్పబడినది, ఆమె యేమి కోరుచున్నది, ఆమెకు భయము దేనినిగూర్చి యని నిదానముగా నడుగుడు. మీ మాటకు ఇంట విలువ గలదు. ఆ విలువను ఆమెను తొందరపెట్టుటకు గాక, ఆమెకు కొంత వ్యవధిని సంపాదించి యిచ్చుటకు వినియోగింతురని నా ప్రార్థన.